బయట కూర్చున్న నలుగురం

నా నోరు మంచిది కాదని మా ఆయన పెళ్ళైన మూడో రోజు కనిపెట్టాడు. మా అత్త మొదటి రోజే కనిపెట్టింది. యాభై ఏళ్ళు దాటినా అది మారలేదు, ఇక మారదు కూడా. అటువంటి నేను, నోరు తెరవాల్సిన ఒకే ఒక్క చోట నోరు మూసుకున్నాను. నేను మూసుకున్నది చాలక పక్కనున్న మనిషి నోరు కూడా మూయించాను. ఆ సంగతి రాయాలని చాలా రోజులుగా ఉంది. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

నంద్యాల ఊరి చివర ఒక శనగల ప్లాంటులో పద్నాలుగేళ్ళుగా పని చేస్తున్నాను. విత్తనాలకు పోయే శనగలు అవి. యంత్రం జల్లెడ పట్టాక కూడా వాటిలో మట్టిబెడ్డలు, పుచ్చులు, నల్లబడిన గింజలు మిగిలిపోతాయి. అవి బెల్టు మీద పారుతూ వస్తుంటే అటు పదిమంది, ఇటు పదిమంది ఆడవాళ్ళం కూర్చుని ఏరేవాళ్ళం. మంచి గింజ చివరికి పోయి సంచుల్లో పడేది. సాయంత్రానికి ఎన్ని సంచులైతే అన్నీ కలిపి ఒకటే లెక్క. కూలి ఇరవైమందికీ సమానం. ఎవరు ఎంత ఏరారని అడిగేవాళ్ళు లేరు.

కలిపి లెక్క అంటే సోమరిపోతులకు పండగ అనుకుంటారు చాలామంది. వాళ్ళు ఒక్క రోజు వచ్చి కూర్చుంటే తెలుస్తుంది. ఆ బెల్టు దగ్గర ఎవరు ఎక్కడ కూర్చోవాలో మాకొక పద్ధతి ఉండేది. చెయ్యి చురుకైనవాళ్ళు రెండు చివర్లా, నెమ్మదిగా ఏరేవాళ్ళు మధ్యలో. మొదట కూర్చునే మా వదిన పెద్ద బెడ్డలన్నీ పట్టేసేది. చివర కూర్చునే నేను, మధ్యలో ఎవరి చేతిలోంచి ఏది జారినా ఏరేసేదాన్ని. కాన్పు నుంచి లేచి వచ్చినామె, జ్వరం తగ్గీ తగ్గకుండా వచ్చినామె, చూపు మందగించినామె మధ్యలో కూర్చుని చేతనైనంత ఏరేవాళ్ళు. రేపు నాకు జ్వరమొస్తే నేను మధ్యలోకి పోతాను, ఇంకొకరు చివరికి వస్తారు. బయటినుంచి చూసేవాడికి ఇరవైమందీ ఒక్కలాగే కనపడాలి.

ఈ పద్ధతి ప్లాంటువాళ్ళు నేర్పలేదు. పెద్దమ్మ నేర్పింది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు, అందరికీ పెద్దమ్మే. ఆళ్ళగడ్డ దగ్గర మా పుట్టింటి ఊళ్ళో నేను లంగా జాకెట్టుతో పత్తి చేలకు కలుపుకు పోయిన నాటినుంచి ఆమే మా కూలీ గుంపుకు పెద్ద. చేనుకు అడ్డంగా వరసగా నిలబడి అందరూ ఒకేసారి ముందుకు కలుపు తీసుకుంటూ పోవడాన్ని మునుము పట్టడం అంటాం. మునుములో ఒకరు ముందుకు ఉరకకూడదు, ఒకరు వెనకబడకూడదు. ఒక కొసన మా వదిన, ఇంకో కొసన నేను. వదిన అంటే మా అన్న పెళ్ళాం, ఆమెదీ మా ఊరే, నా ఈడుదే. పక్కన ముసలామె వెనకబడితే చెయ్యి చాచి ఆమె సాలులో గడ్డి కూడా మేమే పీకేవాళ్ళం. ఎవరు నెమ్మదో రైతుకు తెలిస్తే మరునాడు ఆమెను రావద్దంటాడు. మునుము అంతా ఆ ఒక్క మనిషిని దాచడానికే.

కూలి బేరం కూడా పెద్దమ్మదే. ఆ బేరానికి ఒక మర్యాద ఉండేది. ఆమె ఒక్కతే రైతు దగ్గరికి పోయి మాట్లాడుతుంది. మేమంతా దూరంగా గట్టు మీద, రైతుకు వీపు చూపించి కూర్చోవాలి. మా మొహాలు కనపడితే మా అవసరం ఎంతో రైతు చదివేస్తాడని ఆమె చెప్పేది. ఆమె తిరిగొచ్చి ఏ మాట చెప్తే ఆ మాటే. ఏం మాట్లాడావు, ఎట్ల ఒప్పించావు అని అడగడం తప్పు. అడిగితే ఆమెను నమ్మనట్టు.

ఒకసారి మిరప చేనుకు పోయినప్పుడు ఒక రైతు అస్సలు దిగిరాలేదు. పెద్దమ్మ వచ్చి మా మధ్యలో కూర్చుని, పొద్దున ఎనిమిదింటికే సద్ది విప్పింది. సంగటి ముద్ద, ఊరిమిండి పచ్చడి. మేమూ విప్పాం. తినడం అయ్యాక ఆమె తల దువ్వించుకోవడానికి కూర్చుంది. నేనే దువ్వాను. పేలు లేని తలలో పేలు కూడా చూశాను. రైతు గట్టు మీద అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి ఆయనే వచ్చి, లేవండమ్మా, మీ మాటే కానీ అన్నాడు. ఆ రోజు నేను మా ఊరి రాణిని అయిపోయినట్టు నడిచాను. బేరం అంటే ఏమిటో నాకు ఎవరూ పుస్తకంలో నేర్పలేదు, అక్కడే నేర్చుకున్నాను.

తర్వాత చేలల్లోకి కలుపు మందు వచ్చింది. వీపున డబ్బా తగిలించుకున్న ఒక్క మగవాడు మా గుంపు రెండు రోజులు చేసే పని పూటలో చేసి పోయేవాడు. మునుములు పోయాయి. ఇల్లూ వాకిలీ ఎత్తుకుని చాలామందిమి నంద్యాలకు వచ్చాం. మా చర్చిలో ఒకామె ప్లాంటులో పని చేసేది, ఆమె ద్వారా వదినా నేనూ చేరాం. ఏడాది తిరక్కుండా పెద్దమ్మను తెచ్చుకున్నాం. ఆమె వచ్చిన వారానికే మమ్మల్ని లేపి చివర్లలో కూర్చోబెట్టింది.

కలిపి లెక్క ఆ ప్లాంటులో మాకంటే ముందు నుంచే ఉంది. మూటలు మోసే హమాలీలకు అప్పట్లో గట్టి సంఘం ఉండేది. గేటు దగ్గర జెండా కర్ర, దాని కింద సిమెంటు దిమ్మె. మూడేళ్ళకొకసారి వాళ్ళు యజమానితో కూర్చుని ఒప్పందం రాయించుకుని, దాన్ని ఆఫీసు గోడకు అంటించేవాళ్ళు. అందులో వాళ్ళ కూలితో పాటు మా కలిపి లెక్క కూడా ఒక మాటగా రాయించారు. మేము మాత్రం ఆ సంఘంలో చేరలేదు. చందా ఎందుకు కట్టాలి, అది మగవాళ్ళ గొడవ అనుకున్నాం. వాళ్ళు ధర్నాకు కూర్చుంటే పక్కనుంచి కొంగు కప్పుకుని పనిలోకి పోయాం. మా తప్పు కూడా రాయాలి కదా, రాస్తున్నాను. తర్వాత మూటలెత్తే యంత్రం వచ్చింది, మిగిలిన పనికి వేరే రాష్ట్రాల మనుషులు వచ్చారు, హమాలీలు ఒక్కొక్కరే పోయారు. ఒప్పందం కాగితం గోడ మీదే పసుపుపచ్చగా మారింది. ఒక ఏడు దాని మీద ఎవరో క్యాలెండరు తగిలించారు. మేము ఆ క్యాలెండరులో సెలవులు చూసుకునేవాళ్ళం.

రెండేళ్ళ కిందట కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. చిన్నవాడే, మర్యాదస్తుడే, అందరినీ మేడం అనేవాడు. మేడం అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. బెల్టు పాతబడింది, తీసేస్తాం, ఒక్కొక్కరికి ఒక టబ్బు ఇస్తాం, టబ్బు మీద మీ నంబరు ఉంటుంది, ఎవరు ఎంత ఏరితే వాళ్ళకు అంత కూలి అన్నాడు. బాగా చేసేవాళ్ళకు ఎక్కువ వస్తుంది కదా మేడం అని ప్రత్యేకంగా నా వైపు చూసి చెప్పాడు.

నాకు లెక్కలు రావా? నాకు ఎక్కువే వస్తుంది. కానీ పెద్దమ్మకు అప్పటికే రెండు కళ్ళలో పొర. నల్ల గింజకూ మంచి గింజకూ తేడా ఆమెకు వేలి కొసకు తగిలితేనే తెలుస్తుంది. బెల్టు మీద ఆమె వదిలినవి నేను ఏరుతున్నాను కాబట్టి గడుస్తోంది. టబ్బు ఇస్తే మొదటి వారమే ఆమె పని తెలిసిపోతుంది, రెండో వారం గేటు బయట ఉంటుంది. ఆమెకు మొగుడు లేడు, కొడుకు లేడు, కూతురు పోయింది. ఆ కూలి తప్ప ఇంకో ఆధారం లేదు. పెద్దమ్మను పంపించేస్తే ఊరుకునేది లేదని మా ఇరవైమందిలో అందరం ఒకటే మాట అనుకున్నాం. అంత ఒక్కటిగా మేము ఎప్పుడూ లేము.

హమాలీ సంఘంలో ఒకప్పుడు నాయకుడిగా ఉన్న పెద్దాయన ఇంకా నంద్యాలలోనే ఉన్నాడని తెలిసి, ఆదివారం ప్రార్థన అయ్యాక వెతుక్కుంటూ పోయాం. ఒక సందులో మేడ మీది గది. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మూలన మడిచిపెట్టిన జెండాలు. ఆయన భుజం మీద మూటలు మోసి మోసి గట్టిపడిన కండ ఇంకా తెలుస్తోంది. మా గోడు అంతా విని ఆయన ఒకే ప్రశ్న వేశాడు. మీ యజమాని ఎవరమ్మా అని.

ఒకామె సూపర్‌వైజరు అంది. ఇంకొకామె కూలి పంచే కాంట్రాక్టరు అంది. నేను ఆళ్ళగడ్డ సారు అన్నాను, ప్లాంటు ఆయనదే కాబట్టి. ఆయన మా గేటు పాసు అడిగి తీసుకుని చదివాడు. దాని మీద యజమాని అన్నచోట మేము పుట్టి బుద్ధెరిగి వినని ఎవరిదో పేరు ఉంది. మూడేళ్ళుగా మెడలో వేసుకుని తిరుగుతున్నాం, ఒక్కరం చదవలేదు. పదో తరగతి పాసైన నేను కూడా చదవలేదు.

"ఇదమ్మా ఇప్పటి కత," అన్నాడాయన. "మా కాలంలో యజమాని ఎదురుగా కూర్చుండేటోడు. ఇప్పుడు మీరు యాడ కూర్చోవాల్నో గూడా తెలీకుండా చేసినారు. అర్జీ రాయండి. ఇరవైమందీ సంతకం పెట్టండి. ఐదుగురు పోయి ఆ ఆళ్ళగడ్డ సారుతోనే మాట్లాడండి. ఐదుగురూ లోపలికి పోవల్ల. ఒక్కరే పోవద్దు, చెప్తాండా."

అర్జీ నేనే రాశాను. బెల్టు ఉంచాలి, కలిపి లెక్క ఉంచాలి, ఒక్కరినీ తీయకూడదు. ఇరవై సంతకాల్లో ఏడు వేలిముద్రలు.

ఆళ్ళగడ్డకు బస్సులో పోయినవాళ్ళం ఐదుగురం. పెద్దమ్మ, వదిన, నేను, మహానంది వైపు నుంచి వచ్చే ఒకామె, మా చర్చిలో పాటలు పాడే చిన్నామె. చిన్నామెకు అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు. దారి పొడుగునా పెద్దమ్మ కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఊళ్ళోకి రాగానే రోడ్డు పక్కన శిల్పాలు చెక్కేవాళ్ళ రాతిపొడి కళ్ళల్లో పడుతోందని కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని నడిపించాను.

సారు ఇంటి ముందు భాగమే ఆఫీసు. వాకిట్లో పొడుగాటి అరుగు. గుమాస్తా వచ్చి సారు పిలుస్తున్నాడు రండి అన్నాడు. మేము ఐదుగురం లేచాం. అప్పుడు పెద్దమ్మ వెనక్కి తిరిగింది.

"మీరు ఈడనే కూర్చోండి. నేను మాట్లాడొస్తా."

కూర్చున్నాం. అదే, అంతే. మేడ మీది పెద్దాయన చెప్పిన మాట నాకు గుర్తు లేక కాదు. గుర్తుంది. కానీ పెద్దమ్మ కూర్చోండి అంటే కూర్చోవడం నా ఒంటికి చిన్నప్పటినుంచి అలవాటైన పని. కూర్చోవడమే కాదు, అలవాటు ప్రకారం నలుగురం తలుపుకు వీపు పెట్టి వీధి వైపు తిరిగి కూర్చున్నాం. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. చేనులో రైతుకు మా మొహాలు కనపడకూడదని కూర్చున్నాం, సరే. ఇక్కడ లోపల ఏం జరుగుతోందో మాకు కనపడకుండా కూర్చున్నాం.

చాలాసేపు పట్టింది. గుమాస్తా మాకు కాగితం కప్పుల్లో టీ తెచ్చి ఇచ్చాడు. చిన్నామె రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తే నేనే తిట్టాను. చివరికి పెద్దమ్మ వచ్చింది. చేతిలో మిఠాయి పొట్లం ఉంది.

"ఐపోయింది, లెయ్యండి. ఎవ్వర్నీ తియ్యరు. రేపట్నుంచి పనికి పోదాం."

వదిన నోరు తెరిచింది. బెల్టు సంగతి ఏమన్నాడు అని ఏదో అడగబోయింది. నేను ఆమె పక్కలో మోచేత్తో గట్టిగా పొడిచాను. పెద్దమ్మ మాట తెచ్చాక అడుగుతారా ఎవరైనా? వదిన నోరు మూసుకుంది. తిరుగు బస్సులో పెద్దమ్మ మిఠాయి అందరికీ పంచింది. మేము తిన్నాం. మరునాడు ప్లాంటులో తక్కిన పదిహేనుమంది ఏమైందని చుట్టూ చేరితే, పెద్దమ్మ చెప్పిందంటే చెప్పిందే, నోరు మూసుకుని పని చూడండి అని గట్టిగా అన్నది కూడా నేనే.

నాలుగు రోజులు బెల్టు నడిచింది. సోమవారం పోయేసరికి షెడ్డులో బెల్టు లేదు. దాని చోట నేల మీద తెల్ల గీతలు గీసి ఇరవై టబ్బులు పెట్టారు. కాదు, పంతొమ్మిది. నా టబ్బు మీద పద్నాలుగు అని రాసి ఉంది. పెద్దమ్మ టబ్బు ఏదని వెతుకుతున్నాను. ఆమె కింద పడిపోయిందేమో, ఒంట్లో బాగాలేదేమో అని భయం వేసింది. తలెత్తి చూస్తే షెడ్డు చివర కుర్చీలో కూర్చుని ఉంది. చీర మీద నీలం కోటు. మెడలో విజిల్. సూపర్‌వైజరు పరిచయం చేశాడు, ఇక నుంచి ఈ మేడం మీ మేస్త్రి అని.

ఆమె మా వైపు చూడలేదు. చూసినా ఆమెకు మొహాలు కనపడవు కదా అని ఆ క్షణంలో కూడా నేనే ఆమె తరఫున సాకు వెతికాను. తర్వాత పోయి పద్నాలుగు నంబరు టబ్బు ముందు కూర్చున్నాను. తెలియని మనిషి గొంతు కోస్తే అరుస్తాం. మన చేత్తో జుట్టు దువ్వి, చెయ్యి పట్టి నడిపించిన మనిషి కోస్తే అరుపు కూడా రాదు.

ఇంతకంటే ఘోరం తర్వాత జరిగింది. టబ్బుల లెక్కలో మొదటి వారం అందరికంటే ఎక్కువ కూలి నాకే వచ్చింది. నా చేతులు నా మాట వినవు, అవి అంతే వేగం. దాంతో గుసగుసలు మొదలయ్యాయి. ఆళ్ళగడ్డకు పోయిన ఐదుగురిలో ఒకరికి కుర్చీ, ఇంకొకరికి ఎక్కువ కూలి. అడగొద్దు, నోరు మూసుకోండి అన్నది ఎవరు? నేనే కదా. నీళ్ళ దగ్గరికి పోతే మాటలు ఆగిపోయేవి. చర్చిలో నా పక్కన చాప ఖాళీగా ఉండేది. దీంతో ఆమెకు సంబంధం లేదు అని నా గురించి పెద్దమ్మ ఒక్క మాట చెప్తే చాలు, నన్ను నమ్మేవాళ్ళు. ఆమె చెప్పలేదు. నింద నా మీద ఉంటే ఆమెకు నీడగా ఉంది.

వదినకు షుగరు. వేళ్ళు తిమ్మిరెక్కి ఆమె టబ్బులు తగ్గుతూ వచ్చాయి. బెల్టు ఉంటే ఆ నెలంతా ఆమె మధ్యలో కూర్చునేది, ఎవరికీ తెలిసేది కాదు. నేను ఊరుకోలేకపోయాను. నేను ఏరిన శనగలు రెండు చేటలు ఎవరూ చూడకుండా ఆమె టబ్బులో పోసేదాన్ని. వారం గడిచింది. ఒక రోజు పోస్తుంటే షెడ్డు చివరినుంచి విజిల్ మోగింది. పెద్దమ్మ కళ్ళు మసకే కానీ చెవులు మసక కాదు. గింజ పడే చప్పుడు ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది, ఆ పని నాకు నేర్పిందే ఆమె.

"పద్నాలుగూ. నీ టబ్బు నీదే, ఆమె టబ్బు ఆమెదే."

నా పేరు పెట్టి తిట్టినా బాగుండేది. శనివారం వదినను రావద్దన్నారు.

ఆదివారం చర్చి ఎగ్గొట్టి పెద్దమ్మ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో కూర్చుని నీలం కోటు ఉతుకుతోంది. నేను గడప దగ్గరే నిలబడి మొదలుపెట్టాను. ఏమేమి అన్నానో అన్నీ రాయలేను, రాస్తే అచ్చు వేయరు. కంచే చేను మేసిందన్నాను. నమ్మించి నట్టేట ముంచావన్నాను. నీకు పుట్టగతులుండవని కూడా అన్నాను, అది అనకూడని మాట. వీధిలో వాళ్ళు తలుపులు తీసి చూశారు. ఆమె కోటు పిండి దండెం మీద ఆరేసి, తడి చేతులు చీరకు తుడుచుకుని, ఐపోయిందా అని అడిగింది.

"నన్ను తీసేస్తారని మీరంతా కొట్లాడినారు. మీరు గెలిచేదాకా నేను ఉంటానా మే? ఆయప్ప కుర్చీ ఇస్తానన్నాడు, తీసుకున్నా. మీరు నాకోసరం కొట్లాడినారు. నేను గూడా నాకోసరమే కొట్లాడినా. తప్పేముందీ?"

మాకు ఒక్క మాట చెప్పి ఉంటే అన్నాను. చెప్తే ఒప్పుకుంటారా అంది. పోదామని తిరిగాను. తిరిగినదాన్ని తిరిగినట్టు పోయి ఉంటే బాగుండేది. ఎందుకు అడిగానో తెలియదు, వెనక్కి వచ్చి అడిగాను. ఊళ్ళో చేన్లకు పోయినప్పుడు, నువ్వొక్కదానివే రైతు దగ్గరికి పోయేదానివి కదా, అప్పుడు కూడా నీకు విడిగా ఏమైనా ఇచ్చేవాళ్ళా అని.

ఆమె కొంచెం కూడా తడుముకోలేదు. దాచాలని కూడా అనుకోలేదు.

"ఇచ్చేటోళ్ళు. గంప జొన్నలో, గంప మిరపకాయలో. గుంపు తెచ్చినందుకు అది ఉంటాదిలే. మీ కూలి మీకు తెచ్చినా కదా."

ఆ మిరప చేను రైతు కూడానా అన్నాను. ఆయన కూడా అంది. ఇంటికి నడిచొస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. కుర్చీ కోసం అమ్మిందంటే ముసలితనం, భయం అని ఎప్పటికైనా మన్నించేదాన్నేమో. కానీ నేను జీవితమంతా గొప్పగా చెప్పుకున్న ఒక్క రోజు ఉంది, ఆ రోజు నేను రాణిలా నడిచాను, ఆ రోజున కూడా మాకు వచ్చిన కూలి అడగాల్సినంత కూలేనా, లేక ఒక గంప మిరపకాయలు తగ్గించుకున్న కూలా? నాకు ఎప్పటికీ తెలియదు. నేను వీపు తిప్పి కూర్చున్నాను కదా.

పని మానేద్దామనుకున్నాను. మేడ మీది పెద్దాయన ఒప్పుకోలేదు. గేటు బయటినుంచి అరవొచ్చమ్మా, బేరం మాత్రం లోపల ఉండేటోళ్ళే చేయాలి అన్నాడు. ఒక్కరే లోపలికి పోయారని చెప్పినప్పుడు ఆయన నన్ను తిట్టలేదు. మా సంఘం కూడా అట్లనే పోయిందని, తలుపు వెనక ఎవరు ఏం మాట్లాడారో తక్కినవాళ్ళకు చెప్పడం మానేసిన ఏడాదే చందాలు ఆగిపోయాయని నెమ్మదిగా చెప్పాడు. ఆయన కూడా ఎవరినో తలచుకుంటున్నట్టున్నాడు.

నెమ్మదిగా ఇల్లిల్లూ తిరిగాను. కొందరు తలుపు తీయలేదు. కొందరు తీసి, నీకేం తల్లీ నీకు బాగానే వస్తాంది కదా అని మొహం మీదే అన్నారు. మాటకు మాట అనడం నా పుట్టుబుద్ధి, అయినా నోరు నొక్కుకుని నిలబడ్డాను. నా కూలి కాగితం తీసి చూపించాను, వదిన ఇంట్లో పొయ్యి సంగతి చెప్పాను, ఆళ్ళగడ్డలో నేను మోచేత్తో పొడిచిన సంగతి కూడా నేనే చెప్పాను. ఆ మాట చెప్పాకే ఒకరిద్దరు కూర్చోమన్నారు. వదిన తర్వాత ఇంకో ముగ్గురిని తీసేశాక తలుపులు కొంచెం త్వరగా తెరుచుకోసాగాయి.

మొన్న ఆదివారం మేడ మీది గదిలో పదకొండుమందిమి చేరాం. కుర్చీలు నాలుగే, తక్కినవాళ్ళం నేల మీద. చందా పుస్తకం మొదలుపెట్టాం. సీజను చివర ఆళ్ళగడ్డ సారు ప్లాంటుకు వస్తాడు, ఆ రోజు అడగాల్సినవి రాసుకున్నాం. బెల్టు తిరిగి పెట్టాలి, తీసేసిన నలుగురినీ తీసుకోవాలి. పెద్దమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆమె రానూ రాలేదు.

సారుతో ఎవరు మాట్లాడాలి అన్న దగ్గర అందరూ నా వైపు చూశారు. అబద్ధం ఎందుకు, నాకు లోపల సంతోషమే కలిగింది. ఏడాదిగా మోసిన నింద దిగిపోయిందనుకున్నాను. అప్పుడు చిన్నామె, ఆ రోజు అరుగు మీద నేను తిట్టిన ఆ చిన్నామె, చాప అంచు గిల్లుతూ అంది.

"మాట్లాడేది నువ్వే మాట్లాడక్కా. కానీ మేము బయట కూర్చోం. నీతో పాటు అందరం లోపలికొస్తాం."

చెంప మీద కొట్టినట్టయింది. పద్నాలుగేళ్ళు మీ చేతుల్లోంచి జారినవన్నీ ఏరినదాన్ని, నా మీద నమ్మకం లేదా అని నోటి దాకా వచ్చింది. చుట్టూ చూశాను. ఒక్కరు కూడా ఆ మాట కాదనలేదు. మా వదిన కూడా కాదనలేదు. నా కళ్ళలోకి సూటిగా చూస్తూ కూర్చుంది.

సరే, అందరూ రండి అన్నాను. అడగాల్సినవి రాసుకున్న కాగితం మీద, అందరం లోపలికి పోవాలని నా చేత్తోనే రాశాను.